తగ్గించిన శిక్ష, చెప్పాల్సిన నిజం: కొలంబియా పారామిలిటరీల విచారణ

ఆయుధం దించేవాడికి రాజ్యం ఏమివ్వాలి, అతని దగ్గర ఏం రాబట్టాలి అన్న ప్రశ్న లేని శాంతి ప్రక్రియ ఉండదు. కొలంబియాలో ఆ ప్రశ్న మరీ జటిలమైంది. అక్కడ ఆయుధాలు దించినవాళ్లు ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్లు కారు. గెరిల్లాలను అణచే పేరుతో భూస్వాముల డబ్బు, మాదకద్రవ్యాల రాబడి, చాలాచోట్ల సైన్యం అండ చూసుకుని పెరిగిన ప్రైవేటు సైన్యాలవి. 1997లో ఇవి ‘కొలంబియా ఐక్య ఆత్మరక్షణ దళాలు’ అనే ఒకే ఛత్రం కిందికి వచ్చాయి. స్పానిష్ పొట్టిపేరు ఏయూసీ. వాళ్లను విచారించడమంటే రాజ్యం కొంతవరకు తానే బోనెక్కడం. 2005 నాటి ‘న్యాయం, శాంతి’ చట్టం శిక్షలు తగ్గించడం వల్లే విఫలమైందని చాలామంది విమర్శకులు అంటారు. నా అభిప్రాయం వేరు. తగ్గించిన శిక్షకు బదులుగా రావాల్సిన నిజం రాజకీయ నాయకుల, అధికారుల పేర్ల దాకా వచ్చేసరికి, ప్రభుత్వమే ఆ దారి మూసేసింది. చట్టాన్ని దెబ్బతీసింది అదే.

రాజ్యం పాత్ర ఎంతో తెలియాలంటే మాపిరిపాన్ ఒక్కటి చూస్తే చాలు. 1997 జూలైలో ఉరబా ప్రాంతం నుంచి పారామిలిటరీలు విమానాల్లో వచ్చి, సైన్యం కాపలా ఉన్న సాన్ హోసే దెల్ గువావియారే విమానాశ్రయంలో దిగారు. అక్కడి నుంచి మాపిరిపాన్‌కు చేరి రోజుల తరబడి జనాన్ని చంపారు. శవాలను నదిలో పడేశారు. ఆ ఊరి న్యాయమూర్తి సైనిక స్థావరానికి పదే పదే ఫోన్ చేసి మొరపెట్టుకున్నా సైన్యం రాలేదు. ఈ కేసులో బాధ్యత కొలంబియా రాజ్యానిదేనని అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం 2005 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఆ చట్టం పుట్టిన తీరు కూడా గమనించాలి. 2003 జూలై 15న సాంతా ఫే దె రలీతో గ్రామంలో ఏయూసీ నాయకులు ఆయుధాలు దించేందుకు ఒప్పుకున్నారు. ఆ వెంటనే అధ్యక్షుడు అల్వారో ఉరీబే ప్రభుత్వం తెచ్చిన తొలి బిల్లులో ఘోర నేరాలకు సైతం జైలు తప్పించుకునే వీలుంది. దేశంలోనూ బయటా నిరసన రేగడంతో అది ఆగిపోయింది. 2005 జూలైలో వచ్చిన 975వ చట్టం నేరం ఒప్పుకున్నవారికి ఐదు నుంచి ఎనిమిదేళ్ల ‘ప్రత్యామ్నాయ శిక్ష’ ఇస్తానంది. 2006 నాటికి ఆయుధాలు దించామని నమోదైనవారు 31 వేలు దాటారు. వారిలో ఈ చట్టం కింద విచారణకు వచ్చింది ఇంచుమించు నాలుగు వేల మందే. మిగతావాళ్లలో అత్యధికులు అంతకుముందే ఉన్న 2002 నాటి చట్టం దారిన, ఘోర నేరాల ఆరోపణ తమ మీద లేదన్న ఒక్క కారణంతో ఇళ్లకు పోయారు. ఆరోపణ లేకపోవడం వేరు, నేరం చేయకపోవడం వేరు. సాక్షులు నోరు విప్పలేని పల్లెల్లో ఫిర్యాదు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు మలుపు 2006 మేలో వచ్చింది. ఈ చట్టాన్ని సవాలు చేసిన కేసులో (సి-370) రాజ్యాంగ న్యాయస్థానం శిక్ష తగ్గింపును కొట్టెయ్యలేదు. శాంతి కోసం రాజ్యం ఆ మాత్రం తగ్గవచ్చంది. అయితే తగ్గింపు పొందాలంటే పూర్తి నిజం చెప్పాలని, ఏదైనా నేరం దాచినట్టు తేలితే ఆ సౌకర్యం పోతుందని, పరిహారానికి అక్రమ ఆస్తులే కాక సొంత ఆస్తులు కూడా ఇవ్వాలని షరతులు బిగించింది. చర్చల కాలంలో ప్రత్యేక మండలాల్లో గడిపిన రోజుల్ని జైలు శిక్ష కింద లెక్కగట్టే నిబంధనను రద్దు చేసింది. పాలకుల మెతక చట్టాన్ని న్యాయమూర్తులు బాధితులకు పనికొచ్చే చట్టంగా మార్చారు. ఇక్కణ్నుంచి అంతా వాంగ్మూలం మీదే ఆధారపడింది.

ఆ వాంగ్మూలాలు తీసుకున్న పద్ధతి చెప్పుకోదగ్గది. 2006 డిసెంబరులో మెదెయిన్‌లో ఏయూసీ అగ్రనాయకుడు సల్వతోరె మన్‌కూసో విచారణ మొదలైంది. నిందితుడూ ప్రాసిక్యూటరూ ఒక గదిలో, బాధితులు మరో గదిలో తెర ముందు కూర్చున్నారు. కనపడకుండా పోయినవాళ్ల ఫొటోలు పట్టుకొచ్చిన కుటుంబాలు అడగదలచింది ప్రాసిక్యూటర్ ద్వారానే అడగాలి. నా కొడుకుని ఎక్కడ పూడ్చారు అన్నదే చాలామంది ప్రశ్న. వచ్చిన జవాబులు తవ్వకాలకు దారితీశాయి, వేల అస్థిపంజరాలు బయటపడ్డాయి. సరిహద్దు ప్రాంతమైన హువాన్ ఫ్రీయోలో ఇటుక బట్టీల్లో శవాలను కాల్చేశామని ఒక దళ నాయకుడు ఒప్పుకున్నాడు. మామూలు క్రిమినల్ కోర్టు దశాబ్దాలు తంటాలు పడ్డా ఆ బట్టీల ఆనవాలు దొరికేది కాదు. అలాగని విచారణకు వచ్చిన బాధితులకు రక్షణ ఉందని కాదు. మన్‌కూసో విచారణకు హాజరై, లాక్కున్న భూముల కోసం నిలబడ్డ ఒక మహిళా నాయకురాలిని 2007 జనవరి చివర్లో మోంతెరీయాలో ఇంటి ముందే కాల్చి చంపారు.

నిలబడిన తొలి తీర్పు 2010 జూన్‌లో గానీ రాలేదు. అది మంపుహాన్ కేసు. 2000 మార్చిలో పారామిలిటరీలు ఆ ఊరిమీద పడి, ఖాళీ చేయకపోతే ఎల్ సలాదోకు పట్టిన గతే పడుతుందన్నారు. ఎల్ సలాదో ఊచకోత జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. ఊరు ఊరంతా వెళ్లిపోయింది. పక్కనే లాస్ బ్రీసాస్‌లో రైతుల్ని చంపేశారు. ఇద్దరు పారామిలిటరీ నాయకులకు మామూలుగా పడాల్సిన దశాబ్దాల ఖైదు ఎనిమిదేళ్లకు తగ్గింది. చట్టం వచ్చిన ఐదేళ్లకు ఒక్క తీర్పు అంటే లోపం పద్ధతిలోనే ఉంది. ప్రతి హత్యనూ విడివిడిగా నిరూపించాలని చూశారు. ఒక దళం ఒక ప్రాంతంలో ఏ పథకం ప్రకారం, ఎవరి మేలు కోసం చంపిందో చూడలేదు. 2012 సవరణ ఆ దృష్టిని తెచ్చింది కానీ అప్పటికి చాలా ఆలస్యమైంది. లైంగిక హింస సంగతైతే మరీ అన్యాయం. హత్యలు గడగడా ఒప్పుకున్నవాళ్లు అత్యాచారాల దగ్గరికొచ్చేసరికి నోరు మెదపలేదు.

దీనికంతటికీ మించిన దెబ్బ 2008 మే 13న తగిలింది. 2001లో రలీతోలోనే పారామిలిటరీ నాయకులూ రాజకీయ నాయకులూ రహస్య ఒప్పందం మీద సంతకాలు చేశారన్న సంగతి అప్పటికి బయటపడింది. కొలంబియా సుప్రీంకోర్టు ఆ దేశ కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుల్ని వరసగా విచారిస్తోంది. వారిలో ఎక్కువమంది ప్రభుత్వ పక్షం వాళ్లే. సరిగ్గా ఆ సమయంలో ప్రభుత్వం మన్‌కూసోతో సహా 14 మంది నాయకుల్ని మాదకద్రవ్యాల కేసుల్లో అమెరికాకు అప్పగించింది. జైల్లోంచే నేరాలు సాగిస్తున్నారు, ఆస్తులు అప్పజెప్పడం లేదు అన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం ఉండవచ్చు. అలాంటివాళ్లకు తగ్గింపు రద్దుచేసి స్వదేశంలోనే పూర్తి శిక్ష వేయమని చట్టమే చెబుతోంది. ఆ దారి ఉండగా విమానం ఎక్కించడం నేర విచారణ కాదు, సాక్షుల్ని దూరం పంపడం. అమెరికా కోర్టుల్లో వాళ్ల మీద ఉన్నది కొకైన్ కేసులే, ఊచకోతలు కావు. అక్కడ పారామిలిటరీ నాయకుడు హెర్నాన్ హిరాల్దో కేసులో ఒక పర్యావరణ కార్యకర్త కుటుంబం బాధితులుగా గుర్తింపు పొంది 2017లో కోర్టులో మాట్లాడగలగడానికి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. డబ్బిచ్చినవాళ్ల సంగతీ అంతే. ఏయూసీకి 17 లక్షల డాలర్లకు పైగా చెల్లించామని చికీటా అరటిపళ్ల కంపెనీ 2007లో అమెరికాలో ఒప్పుకుని జరిమానా కట్టింది. చనిపోయినవారి కుటుంబాలకు అది పరిహారం చెల్లించాలని ఫ్లోరిడా జ్యూరీ తేల్చింది 2024లో.

తెలుగు పాఠకులకు ఇక్కడ మావోయిస్టులను అణచే పేరుతో ఛత్తీస్‌గఢ్‌లో నడిచిన సల్వాజుడుం గుర్తు రాకమానదు. దాని మూలంగా బస్తర్ నుంచి ఖమ్మం అడవులకు వలసొచ్చిన కుటుంబాలు మన కళ్లముందే ఉన్నాయి. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం అందులో పనిచేసిన ప్రత్యేక పోలీసు అధికారుల ఆయుధాలు వెనక్కి తీసుకోమని, నేరాలపై కేసులు పెట్టి విచారించమని చెప్పింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మాత్రం కొత్త సహాయక దళం పెట్టి ఆ మనుషుల్నే అందులో చేర్చుకుంది. ఏం చేశారో చెప్పమని వాళ్లను అడిగే చట్టమేదీ మన దగ్గర రాలేదు. లోపాలెన్ని ఉన్నా కొలంబియా చట్టం అడిగింది. దాని విలువ అక్కడుంది.

ఫార్క్ గెరిల్లాలతో 2016లో ఒప్పందం కుదిరాక ఏర్పడ్డ ‘శాంతి ప్రత్యేక న్యాయవ్యవస్థ’ ఈ అనుభవం నుంచి ఒకటి నేర్చుకుంది. దాని పరిధిలోకి వచ్చి నిజం చెప్పే మాజీ ఫార్క్ సభ్యుణ్ని సాయుధ సంఘర్షణ నాటి నేరాల మీద విదేశానికి అప్పగించకూడదని 2017 నాటి రాజ్యాంగ సవరణలోనే రాసుకున్నారు. ఆ మాట 2005 చట్టంలో లేదు. ఉండి ఉంటే మన్‌కూసో సైన్యాధికారుల, రాజకీయ నాయకుల పేర్లను తన దేశపు కోర్టులో, బాధితుల ఎదుటే చెప్పి ఉండేవాడు. పదిహేనేళ్ల తర్వాత, 2023 మేలో, అమెరికా నిర్బంధం నుంచే వీడియోలో ఆ న్యాయవ్యవస్థ ముందు వాంగ్మూలం ఇచ్చాడు. అదే ఏడాది నవంబరులో ఆ న్యాయవ్యవస్థ అతణ్ని సైన్యంలో భాగంగా పనిచేసిన వ్యక్తిగా పరిగణించి తన పరిధిలోకి తీసుకుంది. 2024 ఫిబ్రవరి 27న అతను బొగొతాలో దిగాడు.