పంతొమ్మిదితో మొదలయ్యే ప్యాకెట్

2007 అక్టోబరు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఒక కంప్యూటర్ పక్కన నిలబడ్డాం. దానికి కామ్‌కాస్ట్ కంపెనీ కేబుల్ మోడెమ్ తగిలించి ఉంది. డిస్కులో కింగ్ జేమ్స్ బైబిల్ ఫైలు సిద్ధంగా ఉంది. కాపీరైట్ గొడవ లేని పుస్తకం, ఫైలు మరీ పెద్దదీ కాదు. అందుకే అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ పరీక్షకు దీన్ని ఎంచుకుంది. దూరాన మరో కంప్యూటర్ బిట్‌టొరెంట్ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఈ ఫైలు అడగబోతోంది.

పరీక్ష అవసరమని తోచేలా చేసినవారు ఆరెగాన్ రాష్ట్రవాసి రాబ్ టొపోల్‌స్కీ. బార్బర్‌షాప్ క్వార్టెట్లనే పాతకాలపు బృందగానాలు ఆయనకు ఇష్టం. ఆ పాటలు నలుగురితో పంచుకుందామంటే కనెక్షన్లు పుటుక్కున తెగిపోతున్నాయి. నెట్‌వర్కుల గుట్టుమట్లు తెలిసిన మనిషి, ప్యాకెట్లు పట్టి చూశారు. కామ్‌కాస్టే తెంపుతోందని ఆయనకు అనుమానం వచ్చింది.

రండి, తీగలోకి దిగి ఒక్క సెకనును సాగదీసి చూద్దాం.

అదిగో, ప్యాకెట్ వస్తోంది. ముందున్న 20 బైట్లు ఐపీ హెడర్: ఎక్కడి నుంచి, ఎక్కడికి. దారి చూపే రౌటర్‌కు ఆ మాత్రం చాలు. వెనక మరో 20 బైట్లు టీసీపీ హెడర్: పోర్ట్ నంబర్లు, వరుస నంబరు, కొన్ని సంకేతాల బిట్లు. బిట్‌టొరెంట్ ఏ పోర్ట్‌లోనైనా నడుస్తుంది కాబట్టి పోర్ట్ చూసి అప్లికేషన్ ఏదో చెప్పలేం. అందుకే దారి పక్కన ఇంకో పెట్టె కూర్చుంది. శాండ్‌వైన్ అనే కంపెనీ తయారుచేసింది. ఈ తీగలో పోయే ప్యాకెట్ల నకలు దానికీ అందుతోంది. అది హెడర్లు దాటి లోపలికి చూస్తుంది. దీన్నే డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్, పొట్టిగా డీపీఐ అంటారు.

లోపలి మొదటి బైట్ విలువ 19. దాని వెంటే 19 అక్షరాలు: ‘బిట్‌టొరెంట్ ప్రోటోకాల్’ అనే ఇంగ్లిష్ మాట, మధ్య ఖాళీతో కలిపి. ఆ తర్వాత 8 బైట్లు భవిష్యత్తు అవసరాలకు, 20 బైట్లు ఫైలు గుర్తు, 20 బైట్లు అడిగే కంప్యూటర్ గుర్తు. మొత్తం 68 బైట్ల పలకరింపు. పెట్టెకు విషయం అర్థమైపోయింది.

పట్టుకున్నది నకలే కాబట్టి అసలు ప్యాకెట్‌ను అది ఆపలేదు. ఏం చేస్తుందో చూడండి. ఆర్‌ఎస్‌టీ బిట్ వెలిగించిన చిన్న ప్యాకెట్ ఒకటి తయారుచేసింది. కనెక్షన్ ఇంతటితో సరి అని దాని అర్థం. పంపినవారి చిరునామా దగ్గర తన పేరు పెట్టలేదు, అవతలి కంప్యూటర్ పేరు పెట్టింది. అటువైపుకూ అలాంటిదే పంపింది. ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటుంటే మూడో మనిషి దూరి, ఒకరి గొంతుతో మరొకరికి ‘ఇక ఉంటా’ అని చెప్పినట్టు.

రెండు కంప్యూటర్లూ నమ్మేశాయి. మూడుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు ఫైలు అసలు కదల్లేదు. మూడోసారి 10 నిమిషాలు ఆగి మొదలైంది. రికార్డులు విప్పి చూస్తే, తెంచెయ్యమన్న ప్యాకెట్ ఇద్దరికీ అందింది. ఇద్దరిలో ఎవరూ పంపలేదు.

కామ్‌కాస్ట్ ఇబ్బంది కల్పితం కాదు. కేబుల్ నెట్‌వర్క్‌లో వీధి వీధంతా ఒకే అప్‌లోడ్ దారిని పంచుకుంటుంది. కొందరు రాత్రింబగళ్లు అప్‌లోడ్ చేస్తుంటే పక్కింటి ఫోన్ కాల్ గరగరలాడుతుంది. అయినా 2008 ఆగస్టు 1న అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, 3–2 ఓట్లతో కనెక్షన్లు తెంపే ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఎఫ్‌సీసీకి ఆ అధికారం ఉన్నట్టు రుజువు కాలేదంటూ 2010 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

కానీ ఆలోగా కామ్‌కాస్ట్ దారి మార్చుకుంది. కొత్త పద్ధతిని 2010 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6057 పత్రంగా ప్రచురించింది. అప్‌లోడ్ దారి 15 నిమిషాల పాటు 70 శాతానికి మించి నిండితే, ఆ సమయంలో తమ వేగం కోటాలో 70 శాతం పైగా వాడుతున్నవారి ప్యాకెట్లు కాసేపు వరుసలో వెనక్కి జరిగేవి. బైబిలా, సినిమానా, బిట్‌టొరెంటా అని ఎవరూ చూసేవారు కాదు. ఎంత అన్న లెక్కతోనే రద్దీ సర్దుకునేది. ప్యాకెట్ విప్పాల్సిన పనే లేకపోయింది!

మళ్లీ తీగలోకి దిగుదాం, ఈసారి ఇవాళ్టి తీగలోకి. హైదరాబాద్ ఆఫీసైనా, కాకినాడ హాస్టలైనా ఒకటే దృశ్యం. చాలా ప్యాకెట్ల లోపలి భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. అయినా ఎన్‌క్రిప్షన్ మొదలయ్యే ముందు పలకరింపులో వెబ్‌సైట్ పేరు చాలాసార్లు బాహాటంగానే పోతుంది. దాన్నీ, ప్యాకెట్ల సైజులనూ, రాకపోకల లయనూ బట్టి ఇది వీడియో, ఇది కాల్ అని ఎన్‌డీపీఐ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా పోల్చుకుంటుంది. మాల్‌వేర్ సోకిన యంత్రాన్ని పట్టుకోవడానికి ఇది నిజంగా పనికొస్తుంది. అయితే పోల్చుకున్నదాన్ని బట్టి అడ్డుకోవడం వేరు. మన దేశంలోనూ 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు వీలిస్తూనే, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీలు కంటెంట్‌ను బట్టి వివక్ష చూపకూడదంది.

నెట్‌వర్క్ చూసుకునే ప్రతి ఒక్కరినీ నేను కోరేది ఇదే. ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. బైట్ల లెక్క జవాబు చెప్తే అక్కడితో ఆగండి. లోపలికి చూడక తప్పకపోతే, చూస్తున్నామని వాడేవాళ్లకు ముందే చెప్పండి. ఆపాల్సి వస్తే మీ పేరుతోనే ఆపండి.