మరతాబేలు - మెలికల ముగ్గు

నేలమీద ముగ్గు వేసే చిన్న రోబోను ఇంట్లోనే తయారుచేయాలని పూనుకున్నాను. రెండు చక్రాలు, రెండు స్టెప్పర్ మోటార్లు, ఒక ఆర్డుయినో పలక, నడుమ ఒక సుద్దముక్క - అంతే దాని ఆస్తి. నేలకు కొదువ లేదు. చీమకుర్తిలో మెరుగుపెట్టిన నల్లరాతి ముక్క సంపాదించడం ఏమంత కష్టం? గెలాక్సీ రాతిలో బంగారు చుక్కలు ఎటూ ఉన్నాయి, గీతలు నేను సమకూరిస్తే చాలుననుకున్నాను.

ఈ జాతి యంత్రాలకు మూలపురుషులెవరా అని వెతికితే ఇద్దరు ఎదురయ్యారు. మొదటివాడు విలియం గ్రే వాల్టర్. 1948-49 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఆయన ఎల్మర్, ఎల్సీ అనే రెండు యంత్ర తాబేళ్ళను నిర్మించాడు. వెలుగును చూసి కదలడం, అడ్డు తగిలితే పక్కకు తొలగడం వాటి విద్య. అవి బొమ్మలు గీయలేదు. కాని వాటి వీపున దీపం పెట్టి, చీకటిలో కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచి తీసిన ఛాయాచిత్రాలలో వాటి నడక తెల్లని మెలికలుగా మిగిలింది. ఆ చిత్రాలు చూసిన తెలుగువాడికి ధనుర్మాసపు వాకిలి గుర్తుకు రాక మానదు.

రెండవవాడు సేమోర్ పాపర్ట్. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్జిగ్, సింథియా సాలమన్ ప్రభృతులతో కలిసి పిల్లలకోసం లోగో అనే కంప్యూటరు భాషను రూపొందించాడు. కొద్ది ఏళ్ళకే దానికి కలం కట్టుకొని నేలమీద తిరిగే తాబేలు తోడైంది. 'వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి' - ఇదే దాని భాష. గ్రాఫు కాగితంతో పనిలేదు. తానున్న చోటు, తాను చూస్తున్న దిక్కు తెలిస్తే చాలు. పిల్లవాడు తానే తాబేలై నడిచి లెక్క సరిచూసుకోవచ్చునని 1980లో వెలువడిన 'మైండ్‌స్టార్మ్స్'లో పాపర్ట్ వాదించాడు.

ఇక మన వైపు చూద్దాం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పనిచేసిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి దంపతులు 1974లో కమలా కృతివాసన్‌తో కలిసి, తమిళుల కోలాలకు గణిత వ్యాకరణం కట్టవచ్చునని ఒక పరిశోధన పత్రంలో చూపారు. అది చదివాక మన వారపత్రికల సంక్రాంతి ముగ్గుల కింద అచ్చువేసే పంక్తి కొత్తగా కనిపించింది. '15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు.' నడిమి వరుసలో 15, అటూ ఇటూ 14, 13 అంటూ 8 దాకా. మొత్తం 169 చుక్కలు, ఒక్కటీ తప్పిపోకుండా! ఇది ప్రోగ్రాం కాక మరేమిటి? అయితే ఆ పంక్తి చుక్కలతోనే ఆగిపోతుంది. గీత ఎటు తిరగాలో బొమ్మ చూసి చెయ్యి నేర్చుకోవలసిందే.

అక్కడే నా రోబో బోర్లాపడింది. నునుపు రాతిమీద చక్రాలు జారితే రబ్బరు బ్యాండ్లు తొడిగాను. అయినా మెలిక తిరిగి వచ్చిన గీత మొదలును కలుసుకోదు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఆ చౌక మోటారులోని పళ్ళచక్రాల నిష్పత్తి 64 అని చెబుతారు. పళ్ళు లెక్కపెట్టి గుణిస్తే వచ్చేది సుమారు 63.68. ఒక పూర్తి చుట్టుకు దాదాపు రెండు డిగ్రీలు ఎక్కువ తిరుగుతుంది. లెక్క దిద్దాక కొంత నయమైందిగాని, మెలికలు పెరిగేకొద్దీ గీత మళ్ళీ పక్కకు పోయేది.

మా అమ్మ కాసేపు చూసి, "చుక్కను చూసి తిరగాలిగాని, లెక్క చూసి తిరిగితే ఎట్టారా?" అంది.

నిజమే. వాల్టర్ తాబేలు చూసింది, గీయలేదు. పాపర్ట్ తాబేలు గీసింది, కాని గీసేటప్పుడు లెక్కనే నమ్ముకుంది. చీకటితో లేచి వాకిట్లో వంగిన ఇల్లాలు ప్రతి చుక్క దగ్గరా అంతకుముందు దొర్లిన తప్పును కంటితో దిద్దుకుంటూ ముందుకు పోతుంది. ఆమె చేసేది రెండు తాబేళ్ళ పనీను. యంత్రాల చరిత్ర రాసినవారు ఆమెను లెక్కలోకి తీసుకోకపోవడం నాకు లోపంగానే తోస్తుంది.

రోబోకు ఒక పక్కగా పరారుణ సెన్సరు అమర్చాను. తెల్లచుక్క కనబడితే అక్కడినుంచి లెక్క మళ్ళీ మొదలవుతుంది. అయితే ఏ మెరుపును చూసి ఆ రాతిని ఏరుకున్నానో ఆ బంగారు చుక్కలే దాని కన్ను కప్పాయి! రాయి మెరిసినచోటల్లా ముగ్గుచుక్క ఉందని భ్రమపడి తిరిగేది. చివరికి పలకను బోర్లా తిప్పి, మెరుగుపెట్టని గరుకు పక్కన అమ్మ చేత నాలుగు చుక్కలు పెట్టించాను. మూడోసారికి మెలిక కలిసింది.