ఉమ్మడి యంత్రంలో వేరు కాపురాలు

1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ కలిసి 16 మామూలు 486 ప్రాసెసర్లను ఈథర్‌నెట్ తీగలతో జతచేసి బేవుల్ఫ్ అనే క్లస్టర్‌ను కట్టారు. బజారులో దొరికే సరుకుతోనే పెద్ద లెక్కలు చేయించవచ్చని తేలింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయాలు వరసగా ఆ దారి పట్టాయి. యంత్రమైతే చవకైంది గానీ కాపురం ఉమ్మడిదైంది. ఒకరికి పాత లైబ్రరీ కావాలి, పక్కవారికి నిన్న విడుదలైనది కావాలి. యంత్రమంతటికీ వర్తించే మార్పులు చేసే రూట్ అధికారం మాత్రం ఇద్దరికీ లేదు.

ఈ పేచీ బేవుల్ఫ్ కన్నా పాతదే. 1991లో జాన్ ఫర్లానీ ‘మాడ్యూల్స్’ పేరుతో దీనికో ఉపాయం చూపించాడు. యూనిక్స్‌లో ఏ ప్రోగ్రామూ తనను పిలిచిన షెల్ సెట్టింగులను నేరుగా మార్చలేదు. అందుకే అతని ప్రోగ్రాం తానేమీ మార్చదు. ఏమేం మార్చాలో షెల్ భాషలోనే రాసిస్తుంది, షెల్ దాన్ని అమలు చేసుకుంటుంది. ముప్పై ఏళ్లు దాటినా క్లస్టర్‌లో లాగిన్ అయిన వాళ్లు ముందుగా కొట్టే కమాండ్లలో ‘మాడ్యూల్ లోడ్’ ఇంకా ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన పైథాన్ భాష తొలిసారి జనంలోకి వచ్చిందీ 1991లోనే. 2006లో లెక్కల లైబ్రరీ నంపై 1.0 వచ్చేనాటికి శాస్త్రవేత్తలు పైథాన్‌కు అలవాటు పడిపోయారు. ప్రతి ఒక్కరూ అడిగే ప్యాకేజీలను అడ్మిన్లే ఎక్కించడం జరిగే పని కాదు. 2007లో ఇయాన్ బికింగ్ రాసిన వర్చువల్ఎన్వ్‌తో ఎవరి హోం డైరెక్టరీలో వారు వేరు కాపురం పెట్టుకోగలిగారు. అయితే అది చూసుకునేది పైథాన్ సామానును మాత్రమే. అడుగున ఉండే సీ, ఫోర్ట్రాన్ లైబ్రరీల సంగతి దానికి పట్టదు. 2012లో వచ్చిన కాండా వాటిని కూడా కట్టి తెచ్చి పెట్టింది, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా. వాడేవాళ్లకు పండగే.

అడ్మిన్లకు మాత్రం అక్కడే తలనొప్పి ముదిరింది. పెద్ద క్లస్టర్లలో ఎక్కువగా కనిపించే లస్టర్ ఫైల్ సిస్టమ్‌ను భారీ ఫైళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టారు. డేటా ఎన్నో సర్వర్ల మీద పరుచుకుంటుంది. ఏ ఫైలు ఎక్కడుంది, ఎవరు తెరవొచ్చు అన్నది మాత్రం మెటాడేటా సర్వర్‌ను అడగాల్సిందే. పైథాన్‌లో ఒక్క ‘ఇంపోర్ట్’ కొడితే ఫలానా మాడ్యూల్ ఈ డైరెక్టరీలో ఉందా, లేకపోతే దాని తర్వాతి దాంట్లో ఉందా అని వెతుకులాట సాగుతుంది. ఒక్క ప్రాసెస్ అయితే ఎవరికీ తెలియదు. వేల ప్రాసెస్‌లు ఒకే క్షణంలో ఈ ప్రశ్నలు కురిపిస్తే సర్వర్ చతికిలబడుతుంది, మిగతా వాడుకరుల పనీ నత్తనడక నడుస్తుంది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఇలాంటి జబ్బును కొలవడానికి 2007లోనే పైనమిక్ అనే పరీక్షా ప్రోగ్రాంను తయారు చేసింది. తర్వాత అక్కడే వచ్చిన స్పిండిల్ అనే పనిముట్టు లైబ్రరీలను కొద్ది చోట్ల మాత్రమే చదివించి, మిగతా ప్రాసెస్‌లకు నెట్‌వర్క్ మీద పంచిపెట్టింది.

కాండా పెట్టే వేరు కాపురం, అంటే ఎన్విరాన్‌మెంట్, ఒక్కొక్కటీ వేలకు వేలు, ఒక్కోసారి లక్ష దాటే చిన్న ఫైళ్ల కుప్ప. అందుకే చాలా కేంద్రాలు జీబీలతో పాటు ఫైళ్ల సంఖ్యకూ కోటా పెట్టాయి. డిస్కులో బోలెడు చోటుండగా ‘కోటా దాటింది’ అన్న ఎర్రర్ చూసి కొత్త విద్యార్థులు తెల్లబోవడం మామూలే.

ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని కంటైనర్‌గా మూటగట్టే డాకర్ వచ్చినా క్లస్టర్ల గడప దాటలేదు. రూట్ అధికారంతో నడిచే డెమన్‌ను ఉమ్మడి యంత్రంలోకి ఎవరు రానిస్తారు? లారెన్స్ బర్క్‌లీలో గ్రెగరీ కర్ట్జర్ మొదలుపెట్టి 2016లో విడుదల చేసిన సింగ్యులారిటీ ఆ అడ్డు తీసేసింది. ఇప్పుడు దాని పేరు ఆప్టైనర్. వాడుకరి అధికారంతోనే నడుస్తుంది, ఎన్విరాన్‌మెంట్ మొత్తం ఒకే ఇమేజ్ ఫైలులో ఇముడుతుంది. లస్టర్ లెక్కలో అది ఒక్క ఫైలే. ఫిన్లాండ్‌లోని సీఎస్‌సీ కేంద్రం టిక్కీ అనే పనిముట్టుతో కాండా ఎన్విరాన్‌మెంట్లను ఇలాగే మూటగట్టి ఇస్తోంది. పైకి మాత్రం ‘పైథాన్’ కమాండ్ మామూలుగానే కనిపిస్తుంది.

అనేక దశల పనిని గొలుసుగా నడిపే వర్క్‌ఫ్లోలు ఎన్విరాన్‌మెంట్ల లెక్కను మళ్లీ పెంచాయి. 2012లో యోహానెస్ కోస్టర్ బృందం తెచ్చిన స్నేక్‌మేక్‌లో తర్వాత తర్వాత ఒక్కో రూల్‌కు, అంటే ఒక్కో దశకు, ఒక్కో ఎన్విరాన్‌మెంట్ ప్రకటించే వీలు వచ్చింది. జన్యుక్రమాలు పోల్చే రూల్‌కు ఒకటి, గ్రాఫులు గీసే రూల్‌కు వేరొకటి. చాలా చోట్ల కంప్యూట్ నోడ్‌లకు ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ప్యాకేజీలను లాగిన్ నోడ్ మీదే దింపుకోవాలి. ఇందుకోసం స్నేక్‌మేక్‌లో ‘కాండా-క్రియేట్-ఎన్వ్స్-ఓన్లీ’ అనే ఆప్షన్ ఉంది. అది ఎన్విరాన్‌మెంట్లు అన్నిటినీ కట్టిపెట్టి, వర్క్‌ఫ్లోలో ఒక్క రూల్ కూడా నడపకుండా ఆగిపోతుంది.