బస్తరు దారిలో ప్రయాణికుల బండి: పాత ఛాయాచిత్రములు చెప్పు చరిత్ర

పాత రైలుబండి ఛాయాచిత్రము కంటబడినపుడు చూచువారి దృష్టి మొదట ఇంజను మీదికే పోవును. దాని ఆకారమును, దాని అంకెను గుర్తించి సంతసించువారు ప్రపంచమంతట కలరు. కాని ప్రయాణికుల బండి చిత్రమునకు ప్రాణము ఇంజనులో కాక వెనుకనున్న కిటికీలలో ఉన్నది. ఆ కిటికీలలో ఎవరు కూర్చుండిరి, ప్లాట్‌ఫారము మీద ఎవరు నిలిచిరి, ఎవరి నెత్తిన ఏ మూట ఉన్నది అను విషయములు కాలము గడచినకొలది చరిత్రకు ఆధారములగును. విశాఖపట్నమునుండి బస్తరునకు పోవు మార్గమునందలి చిత్రములు ఇందుకు మంచి నిదర్శనము.

బస్తరు అడవులకు రైలుకంటె కెమెరా ముందు వచ్చినది. వెరియర్ ఎల్విన్ మురియాలను గూర్చి వ్రాసి 1947లో ప్రకటించిన ఉద్గ్రంథము ఛాయాచిత్రములతో కూడినది. స్వీడను దేశపు దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ తీసిన చలనచిత్రము 1957లో వెలువడి, పులితో చెలిమి చేసిన చెంద్రు అను మురియా బాలుని పాశ్చాత్య దేశములకు పరిచయము చేసినది. వీని సౌందర్యము కాదనరానిది. ఐనను ఇట్టి చిత్రములలో బస్తరు మనిషి తరచుగ అడవిలోనో, నృత్యములోనో, వేటలోనో కనబడును. పనిమీద ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవువాడుగ, సొమ్మిచ్చి టిక్కెట్టు కొనినవాడుగ కనబడుట అరుదు. ఆ లోపమును కొంతవరకైనను పూరించినవి రైలు చిత్రములు.

ఐతే ఈ మార్గము ప్రయాణికుల కొరకు పుట్టినది కాదు. బైలడిలా యనగా ఎద్దు మూపురము. ఆ ఆకారముగల కొండలలోని మేలైన ఇనుప ఖనిజము కొరకు 1960లో జపాను ఉక్కు కర్మాగారములతో ఒడంబడిక కుదిరినది. దండకారణ్య–బొలాంగీర్–కిరిబూరు పథకములో భాగముగ కొత్తవలసనుండి కిరందూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల మార్గము నిర్మింపబడి 1966-67లో తెరువబడినది. తూర్పు కనుమలను దాటుటకై 58 సొరంగములు త్రవ్వవలసివచ్చెను. 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగూడ, కాశ్మీరు లోయకు రైలు వచ్చువరకు, దేశమునందలి బ్రాడ్‌గేజి స్టేషన్లలో అత్యున్నతమైనదిగ పేరు గాంచినది. ఖనిజమును రేవునకు చేర్చుటయే ముఖ్యోద్దేశము. ప్రయాణికుల బండి దానివెంట వచ్చిన సదుపాయము.

ఇట్టి మార్గమును చూపు చిత్రములు రెండు విధములు. మొదటివి నిర్మాణమును కీర్తించునవి. వంతెన స్తంభము, సొరంగ ద్వారము, ఖనిజము నిండిన పెట్టెల బారు వీనిలో ప్రధానము. మనిషి కనబడినను, కట్టడము ఎంత పెద్దదో తెలుపు కొలబద్దగ మాత్రమే నిలుచును. రెండవవి ఉద్యోగులు, బాటసారులు తమ ముచ్చటకొరకు తీసికొన్నవి. వీనిలో ఇంజను సగము తెగిపోయియుండవచ్చును, ఆకాశము వాలియుండవచ్చును. కాని మనుష్యులు మనుష్యులుగనే ఉందురు.

రెండవ తెగ చిత్రముల కళకు ఆనాటి సాధనముల పరిమితియే కొంత కారణము. ఆగ్ఫా క్లిక్, కొడాక్ బ్రౌనీ వంటి చవుక కెమెరాలలో ఒక ఫిల్ముచుట్టకు పండ్రెండు, కొన్నిట ఎనిమిది చిత్రములే లభించెడివి. కావున మీట నొక్కుటకు ముందు ఆలోచన తప్పనిసరి. ఆ కెమెరాలకు వేగము తక్కువ. కదలుచున్న బండిని తీసినచో అది చారగ మిగులును. అందుచేత నిలిచిన బండినే తీసిరి. సూర్యుని వీపునకు పెట్టుకొని, బండి ప్రక్కగ నిలిచి, పెట్టెల వరుస దూరమునకు సన్నగిల్లునట్లు చూచుకొనిరి. ఎఱ్ఱని ఖనిజపు ధూళియు, పచ్చని అడవియు నలుపు తెలుపులలో బూడిదవన్నెయే యగును. తెల్లని తలపాగయు, కిటికీలోని ముఖముపై బడిన వెలుగును ముందునకు వచ్చును.

బండి నిలుచుటకును ఒక కారణము కలదు. ఒంటిదారి మీద ఎదురుగ ఖనిజపు బండి వచ్చుచున్నచో ప్రయాణికుల బండి స్టేషనులోని ప్రక్కదారిలో వేచియుండవలెను. ఆ నిరీక్షణలో జనులు దిగుదురు, నీరు త్రాగుదురు, బిడ్డలను ఆడింతురు, ఫొటో తీసికొందురు. కావున చిత్రములోని ఆ తీరిక మనుష్యులకంటె ఖనిజమునకు ముందు దారి యిచ్చిన ఏర్పాటువలన కలిగినది. సంతకు గంపలతో పోవు కోయ స్త్రీ, ఇనుప పెట్టెయు పరుపుచుట్టయు గల రైల్వే గుమాస్తా కుటుంబము, గనికి పోవు కూలీ అందరును ఒకే బండికొరకు నిలిచియుందురు. మూడవ తరగతి 1974లో రద్దైనది. కాని అంతకు ముందే, ఆ చెక్క బల్లల మీద, పరస్పరము భాష తెలియనివారు ప్రక్కప్రక్కన కూర్చుండిరి.

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరున రాజ్యము నెలకొల్పెనని, దంతేశ్వరిని కులదేవతగ కొలిచెనని అచటి రాజవంశ పరంపర చెప్పుచున్నది. ఆ వంశమువాడగు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్ కోటలో పోలీసు కాల్పులలో మరణించెను. ఆయనతో పాటు గిరిజనులును నేలకొరిగిరి. రైలుమార్గము పూర్తియగుచున్న కాలమది. ఆనాటి నూతన స్టేషన్ల చిత్రములను చూచునపుడు ఈ సంగతి మరువరాదు. ఛాయాచిత్రము తన చట్రములోనిది మాత్రమే చూపును. వెలుపలి దుఃఖమును చరిత్ర తెలిసినవాడే జోడించుకొనవలెను.

2017 నుండి అరకు వరకు అద్దపు కప్పుగల పెట్టె నడుచుచున్నది. నేటి ప్రయాణికుడు కిటికీనుండి కొండను, లోయను తీయును. నాటి కెమెరా ప్లాట్‌ఫారమునుండి కిటికీవైపు చూచినది. నేటి చిత్రమునకు ప్రకృతి ప్రధానము. నాటి చిత్రమునకు తోటి మనిషి ప్రధానము.

ఇంజను అంకెను ఎప్పుడైనను పట్టికలలో వెదకి తెలిసికొనవచ్చును. గంపతో నిలిచిన స్త్రీ పేరు ఏ పట్టికలోను దొరకదు. ఇంటివారి పేర్లు, స్టేషను పేరు, సంవత్సరము చెప్పగల పెద్దలు నేడు వృద్ధులైరి. వారి నోటినుండి విని, పటము వెనుక పెన్సిలుతో వ్రాసి, ఒక ప్రతి తీయించి భద్రపరచుట ప్రతి ఇంటివారికి సాధ్యమైన పని. ఆ పని జరిగిననాడు ఖనిజము కొరకు వేసిన దారిలో మనుష్యులెవరు ప్రయాణించిరో ముందు తరములకు తెలియగలదు.