భీం ఢిల్లీకి ఎందుకు పోయిండు?

ఒక ఆదివారం రాత్రి మా హాస్టల్ టీవీలో ఆర్ఆర్ఆర్ పెట్టాం. అంతకుముందు చూసిన పిల్లలే మళ్లీ ముందు వరుసలో కూర్చున్నారు. నాటు పాటకు అందరూ లేచి ఎగిరారు. పులి వచ్చినప్పుడు కేకలు పెట్టారు. సినిమా అయిపోయాక చాపలు మడతపెడుతుంటే జైనూర్ వైపు నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు: "మేడం, మన భీంకు చదువు రాకుండెనా?"

ఆ రాత్రి సరైన జవాబు ఇవ్వలేకపోయాం. అప్పటికే తొమ్మిదిన్నర దాటింది, పొద్దున స్టడీ అవర్ ఉంది. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికీ, వాడి వయసు మీ అందరికీ.

ముందు సినిమా చివర ఏముందో గుర్తు చేసుకుందాం. యుద్ధం గెలిచాక రామరాజు భీంను ఏం కావాలని అడుగుతాడు. భీం తనకూ తన వాళ్లకూ చదువు కావాలంటాడు. అప్పుడు రామరాజు జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాస్తాడు. చూస్తున్నప్పుడు కళ్లు చెమర్చే ఘట్టమే. అయితే ఆ మూడు మాటలు ఎవరివి? మన పెద్దలు చెప్పుకునే కథలో అవి భీం నోటి మాటలు. సినిమాలో అవే మాటలు ఇంకొకరి చేతిరాతగా అతనికి తిరిగొచ్చాయి.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. కొమురం భీం ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకేపల్లిలో పుట్టిన గోండు బిడ్డ. అప్పుడు ఆ అడవి హైదరాబాదు రాజ్యంలోది. అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకుంటే నేరం, పశువులను మేపితే పన్ను, కట్టె తెచ్చుకుంటే జరిమానా. పట్టా కాగితం ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్లదైంది. అడవిని నరికి చదును చేసిన వాళ్ల దగ్గర కాగితం లేదు. పంట మీద తగాదాలో సిద్దిఖ్ అనే పట్టాదారు భీం చేతిలో చనిపోయాడు. భీం ఊరు విడిచి చాందాకు పోయాడు. అక్కడ విఠోబా అనే అతని అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడని మన పెద్దలు చెబుతారు. సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీం' నవల ఈ కథనే రెండు మూడు తరాల పాఠకులకు చేర్చింది. తిరిగి వచ్చాక జోడేఘాట్, పట్నాపూర్, బాబెఝరి, కల్లెగావ్ లాంటి పన్నెండు గూడేలను కూడగట్టాడు. ప్రభుత్వం పట్టాలిస్తామని రాయబారం పంపితే, ఒక్కొక్కరికీ పట్టా కాదు, పన్నెండు ఊళ్ల మీద మా పెత్తనం మాకు కావాలన్నాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు మనం అక్కడ వర్ధంతి జరుపుకుంటాం.

ఈ కథలో తెల్లవాడు ఎక్కడా లేడని గమనించారా? పన్ను వేసింది హైదరాబాదు. తుపాకీ పంపింది హైదరాబాదు. భీం తన గోడు చెప్పుకోవడానికి కాలినడకన హైదరాబాదు దాకా వచ్చాడని, నిజాంను కలవనివ్వలేదని కూడా చెప్పుకుంటారు. మా హాస్టల్ పాతబస్తీలోనే ఉంది కాబట్టి మాకిది పుస్తకంలో విషయంలా అనిపించదు. పిల్లలను తీసుకుని చౌమహల్లా ప్యాలెస్‌కు పోతాం. నిజాంలు దర్బారు చేసిన హాలు అదే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నివాసం మాత్రం మూసీ అవతల కింగ్ కోఠి. ఆ హాల్లో వేలాడే దీపాల కింద నిలబడి చూస్తే, గోచీ కట్టుకుని అంతదూరం నడిచొచ్చిన మనిషిని ఎవరు లోపలికి రానిస్తారో మా పిల్లలు వాళ్లకు వాళ్లే చెప్పేస్తారు.

మరి రాజమౌళి భీంను ఢిల్లీకి ఎందుకు పంపాడు? ఆయన దాచలేదు. అల్లూరి, భీం ఇద్దరూ కొంతకాలం ఇల్లు విడిచి వెళ్లారు, ఆ కాలంలో కలుసుకుని ఉంటే ఎట్లా ఉండేదన్న ఊహ నుంచి కథ అల్లానని సినిమా మొదలుపెట్టేటప్పుడే చెప్పాడు. ఊహించుకునే హక్కు కథకుడికి ఉంది. మనం చూడాల్సింది ఆ ఊహ దేన్ని పెంచింది, దేన్ని పక్కకు నెట్టిందన్నది.

1920 నాటి కథ. గోండు పిల్ల మల్లిని గవర్నర్ భార్య పట్టుకుపోతుంది. ఆమెను తేవడానికి భీం అఖ్తర్ అనే మారుపేరుతో ఢిల్లీ చేరతాడు. ఈ మధ్యలో ఒక చిన్న సీను ఉంది, చాలామందికి గుర్తుండదు. నిజాం దగ్గర సలహాదారు అవధాని ఢిల్లీకి వచ్చి బ్రిటిష్ అధికారిని హెచ్చరిస్తాడు: గోండులు గొర్రెల మందలాంటి వాళ్లు, కానీ వాళ్లకొక కాపరి ఉంటాడు, వాడు వస్తాడు అని. సినిమాలో హైదరాబాదు రాజ్యం పాత్ర అంతే. భీంను చంపించిన ప్రభుత్వం ఇక్కడ దూరం నుంచి మంచి మాట చెప్పే పెద్దమనిషి అయిపోయింది. పైగా ఆ పోలిక చూడండి. జోడేఘాట్‌లో మంద లేదు, పన్నెండు ఊళ్ల పంచాయతీ ఉంది. అక్కడ భీం కాపరి కాదు, ఆ ఊళ్లు నమ్మిన నాయకుడు.

2020 అక్టోబర్ 22న, అంటే మనం భీం జయంతి అనుకునే రోజున, టీజర్ వచ్చింది. అందులో భీం టోపీ పెట్టుకుని కనబడ్డాడు. మన ఆదివాసీ సంఘాల్లో పెద్ద గొడవైంది. ఆ కోపం మాకు అర్థమైంది, మన జిల్లాల నుంచి వచ్చిన ఫోన్లకు జవాబులు కూడా చెప్పాం. కానీ సినిమా పూర్తిగా చూశాక మాకు తోచింది వేరు. టోపీ మారువేషం, కథలో దానికి కారణం ఉంది. అసలు అడగాల్సింది నిజాం ఎక్కడ అని. దాని మీద ఎవరూ ధర్నా చేయలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాతబస్తీలో మా హాస్టల్ చుట్టూ ఉన్న ఇళ్లలో ఎక్కువ ముస్లిం కుటుంబాలే. రంజాన్‌కు మా పిల్లలకు సేమ్యా వచ్చేది ఆ ఇళ్ల నుంచే. భీం కొట్లాడింది ఒక మతంతో కాదు. అటవీ చట్టంతో, పట్టా కాగితంతో, వాటి వెనుక ఉన్న సర్కారుతో. ఇది కలిపేసుకుంటే మన చరిత్రను మనమే చెడగొట్టుకుంటాం.

రాజమౌళి పనితనాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన పాత్రను మాటలతో కాక ఒంటితో, ప్రకృతితో చూపిస్తాడు. రాముడు నిప్పు, భీం నీరు. ఈ పోలిక సినిమా మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది. పులిని పట్టినప్పుడు భీం దానికి క్షమాపణ చెప్పుకుంటాడు. అడవి మనిషికీ జంతువుకూ ఉన్న వావి తెలిసినవాళ్లే రాయగల సీను అది, మాకు బాగా నచ్చింది. కొరడా దెబ్బలు తింటూ మోకాలు వంచని ఘట్టంలో మా పిల్లలు ఊపిరి బిగబట్టారు. అయితే ఆ శైలికి ఒక స్వభావం ఉంది. అది ఒక్క మనిషిని కొండంత చేస్తుంది. ఊరు, పంచాయతీ, దండోరా, ఆడవాళ్లు మోసుకొచ్చిన గటక, ఇవన్నీ ఆ ఎత్తు నుంచి చూస్తే కనబడవు.

అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమురం భీం' ఇంకో దారి. భూపాల్ రెడ్డి భీంగా వేశాడు. పెద్ద హీరో లేడు, పెద్ద ఖర్చు లేదు. శత్రువు ఇక్కడ అడవి సిబ్బంది, నిజాం పోలీసులు. నంది అవార్డులు వచ్చాయి. కానీ థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది, ఇరవై ఏళ్లు. ఆ మధ్యలో పుట్టి పెరిగిన పిల్లలు భీంను తెరమీద చూడకుండానే డిగ్రీకి వచ్చారు. మీరు ఈ రెండు సినిమాలనూ ఒక వారంలో వెంటవెంటనే చూడండి. పాత సినిమా కొన్నిచోట్ల నెమ్మదిగా నడుస్తుంది, విసుగు రావచ్చు. ఓర్చుకోండి.

ఇక ఆడవాళ్ల సంగతి. ఆర్ఆర్ఆర్‌లో మల్లి పాడుతుంది, చేతి మీద బొమ్మ వేస్తుంది, తర్వాత ఎత్తుకుపోబడుతుంది. ఎవరో వచ్చి విడిపించాలి. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో లంబాడా అమ్మాయి చంద్రి ఉంటుంది. దొర గడీలో ఆమెకు జరిగినదాన్ని ఆ సినిమా దాచకుండా చూపింది, దానికి గౌరవించాలి. కానీ తర్వాత కథ రామయ్య వెంట హైదరాబాదుకు వస్తుంది, చంద్రి వెంట పోదు. రామయ్య పట్నంలో రిక్షా తొక్కి, కార్మికుల మధ్య తిరిగి రాజకీయం నేర్చుకుంటాడు. చంద్రి ఏం నేర్చుకుందో మనకు తెలియదు. మా హాస్టల్ ఆడపిల్లలు ఈ మాట పట్టుకుని గంటసేపు వాదించారు.

అల్లూరి వైపు కూడా ఇదే లోటు. 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు'ను మా అమ్మానాన్నల తరం గుండెల్లో పెట్టుకుంది. మన్యం పోరాటంలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు రాజుకు కుడి ఎడమ భుజాలు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది ఆ మన్యం మనుషులే. రాజు 1924 మే 7న చనిపోయాడు. మరుసటి నెలలోనే గంటందొర కూడా పోయాడు. మల్లుదొరను అండమాన్‌కు పంపారు. బతికి తిరిగొచ్చిన ఆయన 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అడవిలో తుపాకీ పట్టి, అండమాన్ జైలు చూసి, స్వతంత్ర భారత మొదటి పార్లమెంటులో కూర్చున్న ఆదివాసీ! ఇంతకంటే పెద్ద సినిమా కథ ఏం కావాలి? ఎవరైనా తీశారా?

మార్చడం ఒక్క తెలుగు సినిమాలోనే ఉందనుకోకండి. మీరందరూ చూసిన తమిళ 'జై భీమ్' 1993 నాటి నిజమైన కేసు మీద తీసింది. లాకప్‌లో చనిపోయిన వ్యక్తి కురవర్ కుటుంబం వాడు. దర్శకుడు జ్ఞానవేల్ ఆ కుటుంబాన్ని ఇరులర్లుగా చూపించాడు. పాముల పట్టు, ఎలుకల వేట, కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరగడం, ఇవన్నీ ఇరులర్ల బతుకు నుంచి తెచ్చుకున్నవి. దానివల్ల ఇరులర్ల గోస దేశమంతా తెలిసింది. అసలు కుటుంబం కులం మాత్రం మరుగున పడింది. లాభమా నష్టమా అంటే మా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు.

మళ్లీ ఆ పిల్లవాడి ప్రశ్న దగ్గరికి. భీంకు చదువు రాకుండెనా?

అడవి వాళ్లకు అక్షరం బయటివాళ్లు ఇచ్చారన్నది పాత నమ్మకం. అదే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీకి సొంత లిపి ఉన్న చేతిరాత పుస్తకాలు దొరికాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు వాటి మీద పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఈ రోజు మీ ఫోన్‌లో గోండీని గోండీ అక్షరాల్లో రాయడానికి దారి ఉంది. ఇక భీం చనిపోయాక ఏమైందో చూడండి. అడవుల్లో ఇంత కోపం ఎందుకు పుట్టిందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండుల మధ్య ఉండి అధ్యయనం చేశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. గిరిజన ప్రాంతాలకు వేరే చట్టం 1946లో వచ్చింది. మేమూ టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్లమే. మాతృభాషలో చదువు అనే పాఠం మాకు ఎవరెవరో విదేశీ పండితుల పేర్లతో చెప్పారు. మార్లవాయి పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఆ బడి భీం అడిగి పుచ్చుకున్నది కాదు. జోడేఘాట్‌లో పారిన రక్తానికి భయపడి సర్కారు తెరిచినది.

తర్వాతి ఆదివారం ఇదంతా పిల్లలకు చెప్పాం. జైనూర్ పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు. మార్లవాయి వాళ్ల మండలమే అని తెలిసి నవ్వాడు, వాళ్ల మేనమామ ఇల్లు అక్కడేనట. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. "అప్పటి సర్కారు కాగితాలు ఎక్కడుంటయి మేడం? మనమే చదువుకోవచ్చు కదా?"

తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాల కార్యాలయం, అదే ఆర్కైవ్స్, ఉంది. నిజాం కాలం రికార్డులు అక్కడ ఉన్నాయి. కానీ ఆ పాలన నడిచింది ఉర్దూలో, అంతకుముందు ఫారసీలో. తెలుగు, గోండీ వస్తే సరిపోదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున మా వీధిలోని రిటైర్డ్ ఉర్దూ మాస్టారు హాస్టల్ వరండాలో కూర్చుంటున్నారు. ఫీజు వద్దన్నారు, చాయ్ చాలన్నారు. ఇద్దరితో మొదలైంది, ఈ నెల ఐదుగురయ్యారు. అలిఫ్, బే, పే దాటి జీమ్ దగ్గర ఉన్నారు. జంగల్‌లో మొదటి అక్షరం అదే.