కారణము కానరాని వ్యాధులు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు ఇండ్లలో, ఉన్నట్టుండి మతి చలించిన పడుచును చూచి ‘గాలి సోకినది’ అనుట కలదు. పరీక్షలలో దోషము కనబడనిచో వైద్యులును చిరకాలము అట్టి బాధను మనోవికారమనిరి. పేరు వేరైనను తీర్పు ఒక్కటే: రోగి మాటకు ఆధారము లేదనుట.

ఆ తీర్పును పరిశోధనలు క్రమముగ సడలించినవి. శరీరరక్షణకై రక్తమున నుండు పదార్థములకు ప్రతిరక్షకములని పేరు. అవి తన దేహమునకే విరోధులు కాగలవని, 1956లో లండనులో రాయిట్, డోనియాక్ ప్రభృతులు హషిమోటో థైరాయిడ్ వ్యాధిగ్రస్తుల రక్తమున కనుగొనిరి. 2007లో డాల్మౌ బృందము 12 మంది స్త్రీల వ్యాధిచరిత్రను ప్రకటించెను. వారికి మతిభ్రమ, మూర్ఛలు, స్మృతిలోపము కలిగెను. మెదడులోని గ్రాహకములపై ప్రతిరక్షకములు దాడిచేయుటయే హేతువని తేలెను. చికిత్సచే పలువురు కోలుకొనిరి. 2021లో లండను, లివర్‌పూల్, స్టాక్‌హోము పరిశోధకులు, ఒడలెల్ల నొప్పులుగల ఫైబ్రోమయాల్జియా రోగుల ప్రతిరక్షకములను చిట్టెలుకలకు ఎక్కింపగా, వాటికిని ఒత్తిడియు చలియు అధికబాధాకరములయ్యెను. అయినను హేతువు తెలియని ప్రతి వ్యాధియు ఇట్టిదేయని చెప్పరాదు. దేనికది పరిశోధించి తేల్చవలసినదే.

ఈ సీమకు చేరువనున్న బెంగుళూరు నిమ్హాన్స్, మానసిక వైద్యశాలయు అఖిలభారత మానసికారోగ్య సంస్థయు కలియగా 1974లో ఏర్పడినది. మనస్సునకును నరములకును అచ్చట ఒక్కచోటనే వైద్యము కలదు. లక్షణములే సాక్ష్యమైనచోట రోగి పలుకే తొలి ఆధారము. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము గల ఈ సీమలో ఆ పలుకు తెలుగుననే వెలువడును. దానిని ‘గాలి’ యని కొట్టివేయక, బాధ ఎన్నడు మొదలైనదో, ఎట్లు పెరిగినదో వ్రాసి వైద్యునకు అందించుట ఇంటివారి ధర్మము.