హిందూపురం పులుపు

వేసవి ముదిరేవేళ సోమవారం గానీ, గురువారం గానీ హిందూపురం మార్కెట్ యార్డులోకి అడుగుపెడితే నోట్లో నీళ్లూరతాయి. మడకశిర, పెనుకొండ పల్లెల నుంచే కాదు, సరిహద్దు అవతల పావగడ, మధుగిరి, శిరాల నుంచి కూడా చింతపండు ఇక్కడికే వస్తుంది. వేలంలో ఎక్కువగా వినిపించే రకాలు రెండు: కరిపులి, ఫ్లవర్. ధరలో కరిపులిదే పైచేయి.

నాణ్యత చెట్టు దగ్గరే సగం తేలిపోతుంది. దోరగా ఉండగా దులిపితే గుజ్జు పెంకును వదలదు. బాగా పండితే గుజ్జు కుంచించుకుపోయి, పెంకు డొల్లవుతుంది, ఊపితే గలగలమంటుంది. అలాంటి కాయల్ని ఎండబెట్టి, పెంకు ఒలిచి, ఈనెలు లాగి, గింజ రాలేదాకా కొడతారు. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. దెబ్బ గింజకు తగలాలి, పండు మాత్రం నలగకూడదు. ఇంత నేర్పుకు దక్కేది కూలి డబ్బులే.

కొన్ని పండ్లను నిల్వచేయడానికి గడ్డకట్టించి, శూన్యంలో ఆ మంచును నేరుగా ఆవిరి చేస్తారు; అదే ఫ్రీజ్ డ్రయింగ్.  చింతకాయకు ఆ హంగామా అక్కర్లేదు. చాలావరకు చెట్టుమీదే ఎండుతుంది, మిగతా కాపలా టార్టారిక్ ఆమ్లం చూసుకుంటుంది.

వానలు ఎగ్గొట్టే సీమలో ఇలాంటి చెట్టుకు విలువెక్కువ. 1876-78 నాటి ధాత కరువు ఈ ప్రాంతాన్ని కుదిపేసింది. కరువు రోజుల్లో చింతగింజల్ని వేయించి, పొట్టు తీసి, ఉడకబెట్టుకుని తినడం దేశంలో చాలాచోట్ల ఉన్నదే. 1890ల్లో ధర్మవరం మీదుగా హిందూపురానికి రైలు రావడంతో ఇక్కడి సరుకుకు దూరపు బజార్ల దారి దొరికింది. 1940ల్లో గింజల పిండి కూడా నూలుకు గంజిగా మిల్లులకెక్కింది.

ఇళ్లలో చింతపండుకు ఉప్పు కలిపి ముద్దచేసి జాడీకెత్తితే ఏడాది గడిచేది. వ్యాపారికి అది చాలదు. వానాకాలం తేమకు పండు నల్లబడితే ధర పడిపోతుంది. అందుకే హిందూపురంలో శీతల గిడ్డంగులు వెలిశాయి. రంగు నిలుస్తుంది, ధర పెరిగేదాకా ఆగొచ్చు. అప్పు తీర్చాల్సిన రైతు మాత్రం సీజన్లోనే అమ్ముకుంటాడు.

అనంతపురం దగ్గరి రేకులకుంట పరిశోధన స్థానం ఎర్రటి గుజ్జుండే ‘అనంత రుధిర’ రకాన్ని తెచ్చింది. అంటుకట్టిన చింత నాలుగైదేళ్లకే కాపుకొస్తుంది. గింజ నాటిన చెట్టుకైతే ఎనిమిది, పదేళ్లు ఎదురుచూడాలి.